విద్యార్థుల పరిశోధనము – ఉద్యోగాన్వేషణము
(మన సంఘ వార్షిక మహాసభయందు విద్యావిషయక సమావేశమున చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు నన్ను కోరిరి. ఉన్నతపాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్న నాకు విశ్వవిద్యాలయ వ్యవహారములయందు పరిచయము స్వల్పము. ఐనను గడచిన మాఘమాసమున మన సంఘపు విద్యార్థివేతనము పొందుచున్న పదునలుగురు బాలబాలికలకు తోడుగా ఒక విశ్వవిద్యాలయమునకు పోయి, అచట రెండుదినములు గడపితిని. అచట కన్నదానిని, దానివలన నాకు కలిగిన యాలోచనను మీకు విన్నవించుటకు మాత్రమే నేడు సాహసించుచున్నాను. చివర ఒక ప్రార్థన కలదు. అది తీర్మానరూపమున మీ యెదుట నుంచబడును.

ఆ విశ్వవిద్యాలయమున ఆ రెండుదినములు రెండు కార్యములు ఒకేసారి జరిగినవి. ఒకటి విద్యార్థుల పరిశోధన సదస్సు. రెండవది ఉద్యోగమేళా. సదస్సున కొక పెద్ద మందిరము నిచ్చిరి. ఉద్యోగమేళాకు మందిరము చాలక మైదానమున పందిళ్ళు వేసిరి. రెంటి నడుమ దూరము నూరడుగులకు మించదు. కాని ఒకదానిలోని మాట మరియొకదానిలో వినబడదు.

సదస్సనగా నేమో మనలో పెక్కుమంది పెద్దలు చూచి యుండరు గనుక కొంచెము వివరించెదను. ప్రతి విద్యార్థియు తాను చేసిన పనిని ఒక పెద్ద కాగితముమీద అచ్చొత్తించి గోడకు తగిలించును. దానిని పోస్టరందురు. పైన ప్రశ్న, దాని క్రింద తాను చేసిన విధానము, పిదప కొలతలు, పట్టికలు, చివర తేలిన విషయము ఉండును. విద్యార్థి దాని ప్రక్కన నిలుచుండవలెను. వచ్చినవారెల్లరును ప్రశ్నింతురు. పరీక్షకులు ఇరువురు ముగ్గురు వచ్చి, వ్రాసినదానిని విడిచి వ్రాయనిదానిని అడుగుదురు. జవాబు పుస్తకములో నుండదు. తాను చేసిన పనిలోనే యుండవలెను.

ఇది చూచినప్పుడు నాకు మన ప్రాచీనుల వాక్యార్థసభలు స్మరణకు వచ్చినవి. పండితుడు ఒక విషయమును ప్రతిపాదించును. ప్రతివాది పూర్వపక్షము చేయును. దానిని ఖండించి సిద్ధాంతమును నిలువబెట్టవలెను. విజయనగరము, పిఠాపురము, గద్వాల మున్నగు సంస్థానములయందు పండితుల కట్టి యాదరణముండెడిది. ఆ సభలలో ఒక విశేషము గమనింపుడు. విద్యాపరీక్షయు, జీవికయు ఒకే సభలో ముడిపడి యుండెను. వాక్యార్థము చెప్పినవానికి అచటనే సంభావన. ఆ సంభావనతో వాని యింట సంవత్సరమునకు గ్రాసము. నేడు పరీక్ష ఒక మందిరమునకును, గ్రాసము మరియొక పందిటికిని వేరుపడినవి.

మనవారికి ఆ సభలందు ప్రవేశము లేకుండెను. ఈ మాటను నిష్ఠురముగ గాక, జరిగినదానిని జరిగినట్లు చెప్పుచున్నాను. గద్వాలకు విద్వద్గద్వాల యని పేరు. ఆ గద్వాలయే మన మగ్గములపై నేసిన చీరలకును పేరుగన్నది. సభలో పండితునకు కప్పిన పట్టుబట్ట మనవారు నేసినదే కావచ్చును. బట్ట లోనికి పోయినది. నేసినవాడు వెలుపల నిలిచెను. నేడు ఆ తలుపు తెరచియున్నది. మన బిడ్డలు లోనికి పోవచ్చును. పోవుచున్నారా యనునదియే నేటి ప్రశ్న.

మా పదునలుగురిలో పదుమువ్వురు తెల్లవారకమునుపే ఉద్యోగమేళాపందిళ్ళ యొద్ద వరుసలో నిలిచిరి. ఒక్క బాలిక మాత్రము పరిశోధన మందిరమునకు పోయినది. ఆమె రసాయనశాస్త్రమున ఎం.ఎస్‌సి. తుదిసంవత్సరము చదువుచుండెను. తేలియా రుమాళ్ళు నేయు నింటిబిడ్డ.

తేలియా రుమాలు సంగతి ఈ సభలో నేను చెప్పుట తాతకు దగ్గులు నేర్పుట వంటిది. ఐనను పట్టణములలో పెరిగిన బాలురకొరకు రెండు మాటలు. ఆముదపు కాయల పొట్టును కాల్చిన బూడిదను నీట కలిపి తేర్చి, ఆ నీటికి నూనె చేర్చి, నూలును అందులో పిసికి, ఎండబెట్టి, మరల పిసికి, మరల ఎండబెట్టుదురు. ఇది పక్షము దినములకు పైగా సాగును. అటుపిమ్మట చిటికీలు కట్టి రంగు వేయుదురు. ఎరుపు, నలుపు, తెలుపు — ఈ మూడే అందలి ముఖ్యవర్ణములు. నూనె వాసన నిలిచియుండుటచేతనే దానికా పేరు. చీరాలయందును, పుట్టపాకయందును ఈ పని వర్ధిల్లినది. పుట్టపాక తేలియా రుమాలునకు 2020వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది.

ఆ బాలిక యడిగిన ప్రశ్న మిక్కిలి చిన్నది. ఇన్నిదినములు నూనెలో పిసుకుట యేల? దినములు తగ్గించినచో తన తల్లి చేతులకు శ్రమ తగ్గునుగదా! ఆమె కొన్ని చిలుపలను నాలుగుదినములు, కొన్నింటిని ఎనిమిదిదినములు, కొన్నింటిని పూర్తిదినములు నానబెట్టి, అన్నిటికిని ఒకే పటికనీటిని, ఒకే అలిజరిన్ రంగును పట్టించి, మరల మరల ఉతికి, ప్రతి ఉతుకునకును రంగు ఎంత నిలిచినదో యంత్రముతో కొలిచినది. తక్కువదినములు నానిన నూలున ఎరుపు ఉతికినకొలది పలుచబడినది. దినములు తగ్గింపవచ్చునను ఆమె యూహ తప్పినది. తన యూహ తప్పినదని ఆమెయే పోస్టరుమీద పెద్దయక్షరములతో వ్రాసికొన్నది. అది చదివి నేను ఆమెను మనసార దీవించితిని. నలువది సంవత్సరములు పరీక్షాపత్రములు దిద్దితిని గాని, తన తప్పును తానే ముందుగ వ్రాసికొన్న విద్యార్థిని నేనెన్నడును చూచి యుండలేదు.

ఇంతలో ఉద్యోగమేళాలో ఒక పెద్ద కంపెనీవారి ప్రవేశపరీక్షకు వేళయైనది. సరిగ ఆ వేళకే పరీక్షకులు ఆమె పోస్టరు చూడవలసియున్నది. ఆమె తండ్రి ఊరినుండి రాత్రి బస్సులో వచ్చియుండెను. ఆయన నన్ను వెదకికొని వచ్చి, “మాస్టరుగారూ, మీరయినా దానికి చెప్పండి. ఈ కాగితము రేపు కూడ గోడకే యుండును. ఆ కంపెనీవారు రేపుండరు. నూలుకు తెచ్చిన యప్పు ఇంకను తీరలేదు” అనెను. ఆయన కంఠమున కోపము లేదు. ఉన్నది భయము. నేనేమియు చెప్పలేక ఆయన వెంట మందిరములోనికి పోయితిని.

అప్పుడే ఒక పరీక్షకుడు ఆమెను, “అమ్మాయీ, నీ బూడిదనీరు అన్నిదినములును ఒకే బలముతో నుండెనని నీకెట్లు తెలియును?” అని యడిగెను. ఆమె కొంచెము తడబడి, “నాకు తెలియదండీ. ప్రతిదినము కొలిచి యుండవలసినది. కొలువలేదు” అనెను. కూతును పిలుచుకొనిపోవుటకై వచ్చిన తండ్రి ఆ మాట విని నిలువలేకపోయెను. “వ్రేళ్ళ నడుమ రాచి చూతుమండీ. జారుడు తక్కువైనచో బూడిద చాలలేదని తెలియును. మా నాయన నాకు అట్లే నేర్పెను” అనెను. ఆ ఆచార్యుడు ఆయనవైపు తిరిగి, ఎంత జారుడుండవలెను, ఎండకాలమున భేదముండునా, పాతబూడిద పనికివచ్చునా యని యొకదానిపై నొకటి యడిగి, చెప్పినదెల్ల వ్రాసికొనెను. పిదప ఆ బాలికతో, “మీ నాన్నగారి వ్రేళ్ళు చెప్పినదానిని నీ యంత్రము చెప్పినదానితో పోల్చి చూడుము. అదియే నీ తరువాతి ప్రశ్న” అనెను.

ఆ ముదుసలి నేతగాని ముఖము నప్పుడు మీరు చూచి యుండవలసినది. ఆయన బడికి పోయినది మూడు తరగతులు. తన చేతిలోని విద్యకు ఒక విశ్వవిద్యాలయ మందిరమున ప్రశ్న పుట్టునని, దానికి తాను సమాధానము చెప్పగలనని ఆయన యెరుగడు. ప్రవేశపరీక్షవేళ దాటిపోయినది. ఆయన మరల దాని ప్రసంగము చేయలేదు. కూతును ఏమియు ననలేదు. బస్సు ఎక్కునప్పుడు మాత్రము నాతో, “సరే, ఇక అప్పు సంగతి చూచుకొనవలెను” అనెను.

మహాశయులారా! ఆ మాటను దాటిపోయి పరిశోధనము గొప్పదని చెప్పుట నాకు న్యాయము కాదు. కావున ఉద్యోగమేళాను గూర్చియు చెప్పెదను. రెండవదినము నేను అచటనే గడపితిని. ఒక్కొక్క బల్లయొద్ద ఒక్కొక్క కంపెనీవారు. విద్యార్థులు తమ చదువు, మార్కులు వ్రాసిన కాగితములు చేతబట్టుకొని వరుసగా పోవుచుండిరి. మొదట వ్రాతపరీక్ష, పిదప పదిమందిని కూర్చుండబెట్టి చర్చ, చివర ఇంటర్వ్యూ. మా పదుమువ్వురిలో ముగ్గురికి ఉద్యోగములు కుదిరినవి. ఆ మువ్వురును ఇండ్లకు ఫోనుచేసి చెప్పుచుండగా నా కన్నులు చెమర్చినవి. ఒకనితల్లి బీడీలు చుట్టి చదివించినది. ఆ యుద్యోగమును తక్కువగ చూచుట మహాపాపము.

కాని ఒక బల్లయొద్ద నేను విన్నదానిని మీకు చెప్పవలెను. ఒక కంపెనీ యధికారి మన బాలుని, “మార్కులు చూచితిని. నీవు స్వయముగ, ఎవరును చెప్పకుండ, చేసిన పని యొకటి చెప్పుము” అని యడిగెను. మా వాడు నేల చూచెను. వానికి తెలివి లేక కాదు. అట్టి పని చేయుటకు వానికి అవకాశమును మనమీయలేదు. చేయుమని చెప్పనును లేదు. నూరడుగుల దూరమున నున్న మందిరములో ఆ ప్రశ్నకే ఉత్తరము గోడనిండ వ్రేలాడుచుండెను. కావున ఈ రెండు కార్యములు పరస్పర శత్రువులు కావు. ఉద్యోగమేళాలో అడుగు ప్రశ్నకు జవాబు పరిశోధన మందిరములో తయారగుచున్నది.

మన పెద్దలు యోగక్షేమములని రెండుమాటలు కలిపి వాడిరి. లేనిదానిని సంపాదించుట యోగము. ఉన్నదానిని కాపాడుకొనుట క్షేమము. ఉద్యోగము క్షేమము. ఎవ్వరికిని ఇదివరకు తెలియనిదానిని తెలిసికొనుట యోగము. మన సంఘము ఇన్నియేండ్లుగా క్షేమమును చక్కగ చూచుచున్నది. యోగమును మరచినది.

ఇట్లు మరచినవారిలో నేను మొదటివాడను. సుమారు ముప్పది యేండ్ల క్రిందట నా శిష్యుడొకడు గణితమున అసాధారణ ప్రజ్ఞ కలవాడుండెను. ఎం.ఎస్‌సి. ముగించి పరిశోధనకు పోవుదునా, బ్యాంకున గుమాస్తాగ చేరుదునా యని నన్నడుగ వచ్చెను. నేను క్షణమైనను ఆలోచింపక, “తమ్ములున్నారు, బ్యాంకులో చేరుము” అంటిని. అతడు చేరెను. తమ్ములను చదివించెను. నేడు సుఖముగ నున్నాడు. మన సంఘమునకు ఏటేట చందా పంపుచున్నాడు. నా సలహా తప్పని నేననను. కాని పరిశోధన చేయువానికి ప్రభుత్వము నెలనెల వేతనమిచ్చునను విషయము ఆనాడు నాకు తెలియదు. తెలిసికొనవలెనను తలంపును కలుగలేదు. లెక్క చూడకయే తీర్పు చెప్పితిని. అతడిప్పటికిని కలిసినప్పుడెల్ల, రాత్రులు తాను వేసిన లెక్కల పుస్తకమును నాకు చూపును. నాకర్థము కాదు. ఐనను తల యూచుదును. ఉపాధ్యాయునకు అంతకన్న శిక్ష వేరుండదు.

ఇపుడు పూర్వపక్షమును చెప్పెదను. మనవారు సాధారణముగ మూడు ఆక్షేపణలు చేయుదురు. మొదటిది: పరిశోధన ధనవంతుల విలాసము. రెండవది: అందు కాలము వ్యర్థమగును. మూడవది: అది ప్రతిభావంతులకే గాని సామాన్యులకు కాదు.

మొదటిదానికి సమాధానము అంకెలలో నున్నది. నెట్ పరీక్షయందు జె.ఆర్.ఎఫ్. అర్హత పొంది పరిశోధనలో చేరినవారికి 2023 జనవరి మొదలు, మొదటి రెండు సంవత్సరములు నెలకు 37,000 రూపాయలు, అటుపిమ్మట 42,000 రూపాయలు వేతనముగ నిర్ణయింపబడినది. ఇంటియద్దె భత్యము దానికి వేరు. గేట్ అర్హతతో ఎం.టెక్. చదువువారికి నెలకు 12,400 రూపాయల వేతనము కలదు. ఉద్యోగమేళాలో మా బాలురకు కుదిరిన జీతములు ఆ జె.ఆర్.ఎఫ్. వేతనముకన్న తక్కువయే. ధనికుడు కానివాడు పరిశోధన చేయరాదనుట కావున సరికాదు. ఐతే చిక్కెచట? చదువు ముగిసిన దినమునకును, ఆ వేతనము చేతికందు దినమునకును నడుమ ఒక సంవత్సరము, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, గడచును. పరీక్షకు చదువవలెను. దరఖాస్తుల రుసుములు కట్టవలెను. ఊరూరికి ఇంటర్వ్యూలకు పోవలెను. చేరిన పిదపకూడ మొదటి నెలల సొమ్ము ఆలస్యమగుట కలదు. మన బిడ్డలు జారిపడుచున్నది ఆ గోతిలోనే. నదియంతటికిని మనము వంతెన కట్టనక్కరలేదు. ఆ యొక్క గోతిపై బల్ల వేసిన చాలును.

రెండవదానికి సమాధానము. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము పట్టపరీక్షకు నాలుగవ సంవత్సరమును కల్పించినది. 2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము ప్రకటించిన నియమముల ప్రకారము, మొదటి ఆరు సెమిస్టర్లలో నూటికి 75 మార్కులు పొందినవారు ఆ నాలుగవ సంవత్సరమున పరిశోధనను ఎన్నుకొనవచ్చును. అమెరికాదేశమున మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమువారు 1969లోనే పట్టపరీక్ష చదువుచున్న బాలురకు ఆచార్యుల ప్రక్కన పరిశోధన చేయు నవకాశమును ఏర్పరచిరి. అనగా పరిశోధనము చదువెల్ల ముగిసిన పిదప చేయు సన్న్యాసము కాదు. చదువునందే యొక భాగము. అది వ్యర్థమైనచో చదువంతయు వ్యర్థమే.

మూడవదానికి సమాధానముగ ఇరువురు మహనీయుల చరిత్రలను స్మరింపజేసెదను.

శ్రీ కల్యంపూడి రాధాకృష్ణరావుగారు 1920వ సంవత్సరమున హడగలి యందు తెలుగు కుటుంబమున జన్మించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమున ఎం.ఏ. పట్టము పొందిరి. అది యుద్ధకాలము. సైన్యపు సర్వేశాఖలో గణితజ్ఞుని యుద్యోగమునకై కలకత్తా పోయిరి. ఉద్యోగము దొరకలేదు. ఆ నగరమున నుండగా మహలనబీసుగారు నెలకొల్పిన భారత గణాంకశాస్త్ర సంస్థను గూర్చి విని, చూచి, 1941లో అందు చేరిరి. పిదప పాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థి యొక సందేహ మడిగెను. ఆ రాత్రియే దానిని సాధించి మరునాడు తరగతిలో చెప్పిరి. 1945లో ప్రకటితమైన ఆ ఫలితమునకే నేడు లోకమంతట క్రామర్–రావు సూత్రమని ప్రసిద్ధి. గణాంకశాస్త్రమున అంతర్జాతీయ బహుమానము 2023లో ఆయనకు లభించినది. ఆ సంవత్సరమే 102 ఏండ్ల వయసున దివంగతులైరి. ఉద్యోగము తప్పిన దినమున ఆయనను ఇంటికి తిరిగిరమ్మని యెవరైన గట్టిగ పిలిచి యున్నచో ఏమయ్యెడిది?

రెండవవారు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరమున పుట్టిరి. మెట్రిక్యులేషనులో రెండుమారులు తప్పి మూడవమారు కృతార్థులైరి. మదరాసు వైద్యకళాశాలలో చదువునప్పుడు గాంధీమహాత్ముని పిలుపు విని, శస్త్రచికిత్సాశాలలో సైతము ఖద్దరు ధరించిరి. ఆ ఖద్దరు మగ్గముపై నేసినదే గదా! ఆచార్యుని యాగ్రహమునకు పాత్రులై ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో బయటపడిరి. అట్టివారు అమెరికా పోయి హార్వర్డు విశ్వవిద్యాలయమున, రాత్రులు ఆసుపత్రిలో కూలిపని చేసికొనుచు, పరిశోధన చేసిరి. దేహమునందు శక్తి నిలువ యుండు విధమును వివరించిన పరిశోధకులలో ముఖ్యులైరి. పిదప లెడర్లే సంస్థలో ఫోలిక్ ఆమ్లము, బోదకాలు మందైన హెట్రజాన్, ఆరియోమైసిన్ అను నౌషధము ఆయన నాయకత్వమున వెలువడినవి. 1948లో పరమపదించిరి.

ఈ చరిత్రలో పోషకులైన మీరు గమనింపవలసిన దొకటి కలదు. ఆయనను సముద్రము దాటించినది ఎవరు? మామగారును, కాకినాడయందలి మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థయు ధనసహాయము చేసిరి. ఆ నాయకరుగారు రంగూనున వర్తకము చేసి గడించిన ధనమును ధర్మకార్యములకు వ్రాసియిచ్చిన మహాదాత. దాతయు గ్రహీతయు ఒకే కులమువారు కారు. ఆ బాలునకు మెట్రిక్యులేషను తప్పినదని గాని, పెద్దపట్టము రాలేదని గాని ఆ ధర్మసంస్థవారు వెనుదీయలేదు. నేడు మన సంఘపు విద్యార్థివేతన నియమములతో చూచినచో సుబ్బారావుగారికి దరఖాస్తు పెట్టుటకైనను అర్హత యుండదు! ఈ మాట మనము తలవంచి ఆలోచింపవలసినది.

ప్రతి విద్యార్థియు సుబ్బారావుగారు కాడు. నేనట్లు చెప్పుట లేదు. నూర్గురు ప్రశ్నించినగాని ఒకనికి ఉత్తరము దొరకదు. ఆ నూర్గురిలో మనవారు లేనప్పుడు ఆ యొక్కడు మనవాడెట్లగును? మిగిలిన తొంబదితొమ్మండుగురును నష్టపోరు. తమ తప్పును తాము గుర్తించుట, తెలియనిదానిని తెలియదనుట, కొలిచినగాని చెప్పకుండుట నేర్చికొందురు. ఈ మూడును నేర్చినవాడు ఏ యుద్యోగమునందైనను రాణించును.

ఇపుడు ప్రార్థన. మన నియమావళి ప్రకారము విద్యార్థివేతనము తుదిపరీక్ష ముగిసిన మాసముతో నిలిచిపోవుచున్నది. నేను చెప్పిన బాలిక వైశాఖమున ప్రథమశ్రేణిలో కృతార్థురాలైనది. ఆ మాసముతోనే ఆమె వేతనము నిలిచినది. ఆమె కిప్పటికి ఉద్యోగము లేదు. ఇంటియొద్ద పగలు ఆసు పోయుచు, రాత్రులు జె.ఆర్.ఎఫ్. పరీక్షకు చదువుచున్నది. మొదటిమారు కొద్దిలో తప్పినది. తండ్రి యప్పు తీరలేదు. వచ్చు వేసవిలోగా ఫలితము రానిచో ఏదో యొక ఉద్యోగమున చేరుదునని మాట యిచ్చినది. మనము చేయదలచినది ఏదైన నున్నచో ఆలోగా చేయవలెను. ఆమె వ్రేళ్ళకును యంత్రమునకును పోల్చి చూడవలసిన ఆ ప్రశ్న ఇంకను అట్లే యున్నది.

కావున ఈ క్రింది తీర్మానములను సభవారి యామోదమునకై సమర్పించుచున్నాను.

1. తుదిపరీక్షయం దుత్తీర్ణులై, నెట్, గేట్ మొదలగు పరీక్షలకు గాని, పరిశోధన ప్రవేశమునకు గాని ప్రయత్నించు విద్యార్థులకు మరియొక సంవత్సరము వేతనము సాగింపవలెను. పరిశోధనవేతనము చేతికందిన మాసమున అది నిలిచిపోవును. ఇష్టమైనవారు పిదప ఆ సొమ్మును నిధికి తిరిగి చెల్లింతురు గాక, బలవంతము వలదు.

2. పరిశోధన సదస్సులలో పాల్గొను విద్యార్థులకు పోస్టరు అచ్చుకూలి, రాకపోకల వ్యయము సంఘము భరింపవలెను. ఇది కొద్ది సొమ్ము. కాని ఆ కొద్దిసొమ్ము లేకయే పెక్కుమంది పేరు ఇచ్చుట మానుచున్నారు.

3. ఉద్యోగమేళాలకు పోవు బాలబాలికలకు ముందుగ రెండుదినములు తర్ఫీదు నిచ్చుటకు, ఉద్యోగములందున్న మనవారు కొందరు పూనుకొనవలెను. శిక్షణరుసుమని ముందుగ ధన మడుగువారిని నమ్మరాదనియు, సంతకము చేయుటకు ముందు ఒప్పందపత్రమును పూర్తిగ చదువవలెననియు వారికి బోధింపవలెను. మా బాలుర కట్టి యనుభవమొకటి ఆ పందిటిలోనే కలిగినది. సకాలమున చూచితిమి గనుక తప్పినది.

4. వచ్చు సంవత్సరపు మహాసభయందు ఈ పందిటిలోనే ఒక భాగమును మన విద్యార్థుల పోస్టర్ల కేటాయింపవలెను. విద్యార్థులు తెలుగున వివరింపవలెను. నేతపని వారు, వర్తకులు, గృహిణులు, ఎల్లరును ప్రశ్నింపవలెను. బహుమానము ఎక్కువ జీతము తెచ్చుకొన్నవానికి మాత్రమే గాక, మంచి ప్రశ్న వేసినవానికిని ఈయవలెను.

ఈ నాలుగింటిలో మీకు నాలుగవది చిన్నదిగ తోచవచ్చును. నాకదియే ముఖ్యము. తండ్రులు చూడనిదానిని తండ్రులు భయపడుదురు. ఆ నేతగాడు తన కూతురి పోస్టరు ముందు నిలిచిన పిదప ఆమెను బలవంతపెట్టలేదు. ఆ యవకాశము ఆయనకు బస్సు కూలి పెట్టుకొని వచ్చినందున కలిగినది. మిగిలిన తండ్రులకు మనమే పందిరి వేసి కలిగింపవలెను.

మొదటి తీర్మానము ఆమోదింపబడినచో ఆ నిధికి నా ఒక మాసపు పింఛను సమర్పించుకొనెదను. అది స్వల్పమే. నాటి నా శిష్యునకు నేను చెప్పిన సలహాకు ఇది ప్రాయశ్చిత్తముగ స్వీకరింపుడని వేడుచున్నాను. పోషకమహాశయులు తమతమ శక్తికొలది చేయూత నిచ్చి, ఈ సంవత్సరమున ఆ యొక్క గోతిపైనైనను బల్ల వేయింపుడు.

నా మాటలలో అతిశయోక్తి యేమైన దొరలినచో పెద్దలు మన్నింతురు గాక!